మూడో గుంట గట్టు మీద

నా సినిమాలు మా ఇంట్లో ఎవరూ చూడరు.
నెల్లూరు స్నేహితులకు పంపితే
"ఏందబ్బా, కదల్లేదే? ఫోను గాని హ్యాంగయిందా?" అన్నారు.

నాది నీళ్ళ పరీక్ష చేసే పని.
ఇందుకూరుపేట ల్యాబు నుంచి బండేసుకుని
మైపాడు దారిన పదహారు గుంటల నీళ్ళు
సీసాలకు పడతాను.
ఉప్పెంత, ప్రాణవాయువెంత,
రొయ్యకు ఇంకెన్నాళ్ళు ఓపిక.

చెంగయ్యది రాత్రంతా మేలుకునే పని.

మొదటి మెమరీ కార్డు ఆయనకిచ్చింది ఊరికే,
టీ తాగినందుకు బదులుగా.
అందులో తైవాన్ సినిమా.
ఒక ముసలామె, ఒక రైలు స్టేషను, వాన.
ఏడు నిమిషాలు వానే.
మర్నాడు సీసా ముంచుతూ, ఎట్టుండాది? అన్నాను.
"తొందరపడ్డాడయా.
ఇంకాసేపు గమ్మునుండుంటే
వాన నిలవడం కూడా దొరికుండేది."

ఆ రోజు నుంచి వారానికొకటి.

కింద పడే ఇంగ్లీషు ఆయనకు
పాకిపోయే తెల్లచీమలు.
అందుకని ముందే కథ చెప్పబోయేవాణ్ణి.
మూడో వారానికి చెయ్యి అడ్డం పెట్టాడు:
"చెప్పబాక. నేను పోయి చూసొస్తా గదా."

డైరెక్టర్ల పేర్లు నాకే నోరు తిరగవు.
ఆయనే పెట్టుకున్నాడు.
మంచు దేశపాయన, మెట్లాయన,
పదేళ్ళకొక సినిమా తీసే ఆయన పేరు 'బాకీలోడు'.
ఎండిన సముద్రం అడుగున
పడవకు రంగేస్తా ఉండే ఇద్దరన్నదమ్ముల్ని తీసిన జార్జియా ఆమె
'మా మేనత్త'.
ఎందుకని అడిగితే
ఆమె కూడా ఇట్టే, మాట్లాడకుండా అన్నం పెట్టేదన్నాడు.

ఒకాయన్ని మాత్రం కొట్టిపారేశాడు.
బహుమతులు ఎన్నొచ్చాయో నేను లెక్క చెప్తా ఉంటే
"చీకటి తెలవదయా ఆయనకి.
నల్లరంగు పూసి చీకటంటే ఎట్టా?
చీకట్లో ముందు చెవులు తెరుచుకుంటాయి గదా."
నేను మూడుసార్లు చూసి మెచ్చుకున్న సినిమా అది.
కోపమొచ్చింది.
ఆ వారం కార్డివ్వలేదు.

తర్వాత సెనెగల్ సినిమా ఇచ్చిన రాత్రి
కరెంటు పోయింది.
ఏరియేటర్లు ఆగితే ఆ నిశ్శబ్దానికి
పడుకున్న కుక్క కూడా లేస్తుంది.
గాలందక రొయ్యలు పైకొచ్చి
నీళ్ళ మీద కళ్ళు, వేల కళ్ళు,
టార్చికి ఎర్రగా.
చెంగయ్య ఫోను గట్టు మీదే పారేసి
జనరేటరు దగ్గరికి పరుగెత్తాడు.
డీజిలు చేతులతో, మోకాలి లోతు బురదలో
తెల్లారిందాకా.

సినిమా దానంతటది నడిచింది,
ఎర్రమట్టి దారిలో సైకిలు తోసుకుపోయే పిల్లోడు,
కప్పలకు, కుక్కకు, గట్టున గడ్డికి.

మళ్ళీ మొదట్నించి పెట్టనా అన్నాను.
"వొద్దులే. నేను లేనప్పుడు ఆ పిల్లోడు యాడికో పోయినాడు.
పోనీ."

ఎన్ని రొయ్యలు చచ్చాయో ఓనరు లెక్కేస్తా ఉన్నాడు.
చెంగయ్య జీతంలో ఎంత కోస్తాడో ఇంకా చెప్పలేదు.
సీసా మీద నంబరు రాసుకుంటా ఉంటే
నా పక్కన కూర్చుని, గొంతు తగ్గించి,
నేను ఆయనకు ఎట్టా చెప్తానో సరిగ్గా అట్టానే చెప్పాడు:

"నువ్వొకటి చూడాల.
రేపు తెల్లారుజాము నాలుక్కి.
మూడో గుంట, పడమటి గట్టు.
ఒక కొంగ వస్తాది.
ఎవురు తీసిందో తెలవదు, పేర్లు పడవు."

పోయాను.
దోమలు. ఉప్పుగాలి. తడిసిన లుంగీ అంచు.
దూరంగా కృష్ణపట్నం రేవు దీపాలు
మిణుకుమంటా ఆరడం మర్చిపోయినట్టు.
కొంగ వచ్చింది.
ఒంటికాలి మీద నిలబడింది.
నిలబడే ఉంది.

ఐదయింది.
ల్యాబుకు పోవాలి, నీళ్ళు పట్టాలి,
జేబులో ఫోను రెండుసార్లు వణికింది.
ఇంకెంతసేపు చెంగయ్యా, అన్నాను.

ఆయన తల తిప్పలేదు.
"గమ్మునుండు.
ఇప్పుడే మొదలయింది."