గీకుడు కూలి

గద్వాల స్టేషన్ బయట, ఆటోల అడ్డా పక్కన
దిమ్మె మీద నిలవెట్టిన చిన్నపట్టాల ఇంజను.
దానికి రంగేసే గుత్త నాకొచ్చింది.
టెండరు కాగితంల రాసిండ్రు:
వారసత్వానికి తగిన అసలు రంగు.

అసలు రంగేదని అడిగిన.
ఇంజనీరు సారు ఫోన్ల చూసి
నలుపే గదయ్యా, అంతా నలుపే, అన్నడు.
నాలుగడుగులేసినంక మళ్ల పిలిచి
పక్కకొక ఎర్రగీత, అని కలిపిండు.

ఉప్పుకాగితం పట్టుకొని కూసున్న.
పైనలుపు మొన్నటిది, పుష్కరాలకు
తుప్పు గూడ తుడవకుండ పూసింది.
దాని కింద నీలం.
నీలం కింద, నమ్ముతవో లేదో, పసుపు,
ఎవరో పెద్దమనిషి వస్తుండంటే
ఒక్క రాత్రిల వేసిన పసుపు.
ఆ కింద ఎరుపు. దాని కింద మళ్ల నలుపు.
ఈ నలుపు వేరు. గోరు దిగదు.
నూనె తాగి, పనిచేసిన నలుపు.

పొద్దుగూకినంక పెచ్చులు డబ్బా మూతల పోసి
ఇంటికి తెచ్చిన.
మగ్గం గుంతల కూసున్న సుంకులమ్మ
ఒక్కో పెచ్చు బల్బు కింద పట్టి చూసింది.
ఆఫీసోళ్ల కార్డుల వీటికి నెంబర్లే.
ఆమె పేర్లు పెట్టింది:
ఇది నేరేడు.
ఇది పసుపు గాదు, గంధం.
ఇది ఎండుమిరప, తొడిమె కాడిది.
ఇదేమో...
నలుపు పెచ్చును బోర్లేసి ఆగింది.
వాన పడ్డ తుమ్మాకు.

ఆ ఆకుపచ్చ నేను చూడనే లేదు!
తెల్లారి పోయి బొగ్గుపెట్టె పక్క గీకిన.
(దాన్ని గూడ టెండరే అంటరట, అప్పుడే తెలిసింది.)
అరచెయ్యంత పచ్చ తేలింది.
ఇంకింత గీకితే అక్షరాలు,
కుడి నుంచి ఎడమకు నడిచేటివి.
చివరిదానికి తోక మాత్రమే మిగిలింది.

కర్నూలు గేటు కాడుండే గౌసొద్దీన్ తాతను
బండెక్కించుకొని తెచ్చిన.
ఒకనాటి ఫైర్‌మన్. కండ్లకు నల్లద్దాలు.
వేళ్లతోనే చదివిండు.
నిజాం రైలు కంపెనీ, బేటా.
నేను చేరేనాటికి కంపెనీ పోయింది.
పోయినా మా ముసలి గుమాస్తా
జీతం చిట్టీల ఆ పేరే రాసేటోడు.

మరి నీ కాలంల ఇది పచ్చనా, నల్లనా?
నవ్విండు. రంగు ప్లాట్‌ఫారం మీదోళ్లకు.
నేను మంటను చూసుకుంట పోయేటోణ్ని.
తర్వాత తలెత్తి వెతికిండు:
కూత యాడుంది?
ఇత్తడిది తాతా, ఎవరో కోసుకపోయిండ్రు.
చాయ్ తాగకుండనే పోదాం పా అన్నడు.

పచ్చ సంగతి సారుకు చెప్పిన.
ఫోటో తీసి పైకి పంపిండు.
మూడొద్దులకు జవాబొచ్చింది: నలుపు.

రెండు కోట్లు కొట్టిన.
ఎర్రగీత వంకర పోవద్దని
సుంకులమ్మ ఇచ్చిన పట్టుపోగుకు సుద్ద రాసి లాగిన.
మా చీరలకు ఒళ్లు నూలు, అంచు పట్టు.
రెండూ కలిసే కాడ చేత్తోనే అతకాలె,
ఆ అతుకు కనబడితే చీర వాపసొస్తది.
గీత గీస్తుంటే అదే యాదికొచ్చింది.
నా గీత వాపసు రాలేదు.

బిల్లుల రాసిండ్రు: నలుపు, రెండు కోట్లు. గీత, ఒకటి.
మరి గీకింది సార్? తొమ్మిదొద్దులు గీకిన.
ఆ పని టెండర్ల లేదయ్యా.
అప్పుడే ప్లాట్‌ఫారం మీదికి పెద్దింజను వచ్చింది,
నిలువెల్ల సబ్బు కంపెనీ బొమ్మ.
రంగు గూడ గాదు, అంటిచ్చింది.
ఓ మూల లేచి గాలికి కొట్టుకుంటుంది.
చూసినవా, అన్నడు సారు, దానికి గీకుడే ఉండదు.

డబ్బా మూత ఇంకా మగ్గం పక్కనే ఉంది.
అద్దకపాయనకు పెచ్చు చూపిచ్చి
సుంకులమ్మ నూలు తెప్పిచ్చింది.
ఇదేం రంగమ్మా, మా పట్టీల లేదే,
అని షావుకారు అడిగితే
పోగు తెగకుండ చూసుకుంట
కంపెనీ రంగు, అన్నదట.