నడుమెత్తు

టేపు పెట్టి కొలిచాను:
గేటు నుంచి సంపు మూత దాకా పద్నాలుగు అడుగులు,
ప్రహరీకీ మెట్లకీ మధ్య ఏడు.
స్కూటీ బయట పెడితే ఇంకో రెండు.
నారపల్లిలో నూట యాభై గజాల ఇల్లు నాది.
ఇందులో ఒక ఆవు.

పక్కింటి ఫర్జానా నవ్వలేదు.
"పేడ ఎటు పోతది?" అని మాత్రం అడిగింది.
నోట్‌బుక్కులో మొదటి లైను అదే.

ఇరవై ఏడేళ్ళు పాల శీతలీకరణ కేంద్రంలో
క్యాన్ల ముందు నిలబడ్డాను.
లాక్టోమీటరు ముంచడం, తేలిన గీత చదవడం, రాయడం.
ఎవరింట్లో ఆవు ఈనిందో, ఎవరింట్లో అప్పు పెరిగిందో
ఆ గాజుగొట్టం చెప్పేది.
ఒక్క ఆవునీ తాకలేదు నేను.
రిటైరైన రోజు శాలువా కప్పారు, గోడ గడియారం ఇచ్చారు.
లాక్టోమీటరు నేనే తెచ్చుకున్నాను,
ఎవరూ చూడకుండా.

మొదటిది మొయినాబాద్ ఫామ్‌హౌస్‌లో.
పుంగనూరు. మల్లెపూవు తెలుపు, నేల ఊడ్చే తోక,
నా మోకాలికి కాస్త పైన వీపు.
కొమ్ములకి బంగారు రంగు కొట్టించారు.
"సోఫా పక్కన నిలబెట్టుకోవచ్చు మేడమ్" అన్నాడు మేనేజరు.
"పోయిన వారం గృహప్రవేశానికి కిరాయికి పంపినం."
ధర చెప్పాడు.
నా పీఎఫ్ మొత్తం
ఆ దూడంత ఆవు ముందు మోకాళ్ళ మీద కూర్చుంది.
"పాలెన్ని ఇస్తుంది?"
"పాలెందుకు మేడమ్ దీనికి!"
ఫోన్ తీసి టైం చూసుకున్నాను.
ఫొటో అనుకుందేమో,
తల కొంచెం పక్కకి తిప్పి నిలబడింది,
అలవాటుగా.
తిరుగు బస్సులో మెహదీపట్నం దాకా
ఆ తిప్పిన తలే కళ్ళ ముందు.

శామీర్‌పేటలో రెండోది. పొట్టిది, నల్లది, చురుకైనది.
గ్లాసులో పాలు పోసిచ్చాడు.
సంచిలోంచి లాక్టోమీటరు తీశాను.
ఇరవై మూడు.
"ఎండాకాలం గద మేడమ్, నీళ్ళెక్కువ తాగింది."
ఎంత నవ్వొచ్చిందంటే!
నా ఉద్యోగమంతా విన్న మాట, అక్షరం మారలేదు.
ఆ అబద్ధం మీది ప్రేమతోనే కొనేసేదాన్ని.

బీబీనగర్ రైలు గేటు అవతల
లింగవ్వ రేకుల కొట్టంలో మూడోది.
బూడిద మీద మట్టి చల్లిన రంగు. ఒక కొమ్ము కిందికి వంగింది.
"తల్లి పొట్టిది. తండ్రి ఎవలో తెల్వది."
టేపు పెట్టాను. నా నడుమంత ఎత్తు.
అనుకున్నదానికి నాలుగు అంగుళాలు ఎక్కువ.
నేను నోరు తెరిచే లోపే అంది ఆమె:
"నాలుగో చన్ను ఎండింది. ముందుగాల్నే చెప్తున్న.
పొద్దుగాల లీటరున్నర, మాపు ముప్పావు.
దూడ లేకుంటే చేపదు, రెంటినీ కొంటవోవాలె."

ఇన్నేళ్ళలో
లోపం ముందు చెప్పి పాలు పోసినవాళ్ళు
ఒక్కరూ లేరు నా రిజిస్టరులో.
లాక్టోమీటరు సంచిలోనే ఉండిపోయింది.
అక్కడ దాని మాటే నాకు గుర్తు రాలేదు.

ట్రాలీ ఆటోలో తెచ్చాం.
అన్నోజిగూడ దగ్గర ట్రాఫిక్ ఆగితే
బిర్యానీ హోర్డింగు వెలుతురులో నెమరేసింది.
ఆఫీసు బ్యాగు కుర్రాడొకడు హెల్మెట్ తీసి
దాని నుదురు తాకాడు, పేరడిగాడు.
"ఇంకా పెట్టలేదు" అన్నాను.
వెనక హారన్లు. వెళ్ళిపోయాడు.

ఫర్జానా గేటు తెరిచి పట్టుకుంది.
వాళ్ళ మేడ అంచున ఆరు పెయింటు డబ్బాలు,
సగం దాకా మట్టి.
"పేడ ఇటు పోతది" అంది.

రాత్రి గిన్నె కడుక్కుని స్టూలు మీద కూర్చున్నాను.
దూడని వదిలాను. అది పొడిచింది, చీకింది, అలిగింది.
ఆవు చేపలేదు.
కొత్త చోటు, కొత్త గోడలు, హైవే లారీల చప్పుడు.
పక్కటెముకల మీద అరచెయ్యి ఆనించాను.
నాకు తెలిసిన పాలన్నీ క్యాన్లలో చల్లారినవే.
ఇంత వెచ్చగా ఉంటుందని
ఏ గీతా చెప్పలేదు.

గిన్నె ఖాళీగానే లోపలికి తెచ్చాను.
బోర్లించలేదు.