తరుగు

మబ్బు పడితే మా యార్డులో ఎవరూ తలెత్తి చూడరు,
పరదాల కోసం పరిగెత్తుతారు.
ఒక్క జల్లు చాలు, తేజ కాయ తాలు కాయ కావడానికి.
అలాంటి చోట నిలబడి
షంషాద్ అంది:
"లెక్కలన్నీ మబ్బులో పెడదాం బాబాయ్."

నవ్వాను. నవ్వితే దగ్గొచ్చింది.
ఇరవై తొమ్మిదేళ్లుగా నా నవ్వు చివర దగ్గే.

అప్పటికి కంప్యూటరు చచ్చి నాలుగు రోజులు.
విప్పి చూస్తే ఫ్యాను రెక్కల మీద వేలెడు మందాన ఎర్ర దుమ్ము,
సీజను లెక్కంతా కారం తిని కూర్చుంది.
పైన అటక మీద
ఎలుకలు చదివేసిన ఎర్రట్ట చిట్టాలు.
కొత్తమాసు షావుకారు గల్లాపెట్టె మూసి
"ఏదో ఒకటి చెయ్యండి, నాకు లెక్క కావాలి" అన్నారు.

ఏ గోడౌనమ్మా అది, ఏ రోడ్డు?
ముంబైలో ఒక కాపీ, హైదరాబాదులో ఒకటి, అంది.
తాళం?
పాస్‌వర్డు.
మరి రసీదు?
ఏటుకూరు రోడ్డు కోల్డ్ స్టోరేజీ వాడైనా
లాటు నంబరేసి బాండు చేతిలో పెడతాడే!
నా ఫోనుకి ఆరంకెలు వచ్చాయి.
కళ్లజోడు వెతికి చదివేలోగా
వాటి గడువు దాటిపోయింది.

రెండేళ్లకి అద్దె పెరిగింది.
"పాతవి కోల్డ్ స్టోరేజీకి మార్చేస్తా, తగ్గుద్ది" అంది.
ఈసారి నవ్వలేదు, ఇది నాకు తెలిసిన మాటే.
ఇప్పుడే అమ్మని సరుకు చలిలో పడుంటుంది,
రంగు దిగదు, ఘాటు దిగదు.
కావాలంటే మాత్రం ముందే చెప్పుకోవాలి,
దింపుడు కూలి వేరే.

మొన్న దానియేలు వచ్చాడు, దాచేపల్లి అవతల నుంచి.
జేబులో ప్లాస్టిక్ కవరు, కవరులో
మడత విప్పితే చిరిగే కాటా చీటీ,
మూడేళ్ల నాటిది. నలభై రెండు టిక్కీలు.
బరువు అంకెలు చెమటకి అలుక్కుపోయాయి.
"డెబ్బై కిలోలు ఎక్కడ పోగొట్టుకొచ్చావని
మా ఇంటిది ఇంకా దెప్పుతానే ఉంది.
ఒక్కసారి చూసి, ఆమెదే తప్పని చెప్పు సారూ, ఎల్లిపోతా."

చలిలోంచి లెక్క దిగడానికి ఐదు గంటలంది షంషాద్.
రెండు టీలు, ఒక పునుగుల పొట్లం.
దానియేలు హమాలీల పక్కన
ఎవరిదో బస్తా మీద కునికిపాట్లు పడ్డాడు.

దిగింది.
ఒకటి కాదు, రెండు.
పదహారు క్వింటాళ్ల తొంభై, రాత్రి ఎనిమిదింబావుకి.
దాని అడుగున, దానికన్నా ముందుది,
పదిహేడు క్వింటాళ్ల అరవై నాలుగు, మధ్యాహ్నం మూడుకి.
రెండింటి పక్కనా నా పేరే.

పుస్తకమైతే బ్లేడుతో గీకేవాణ్ణి.
గీకిన చోట కాగితం పలచబడేది, నిజమే,
కానీ గుమాస్తా పుస్తకాన్ని ఎండకి పట్టి చూసిందెవరు?
ఇది తుడిచినదాన్ని కూడా దాచింది.
దానికీ అద్దె కట్టాం, మూడేళ్లు.

షంషాద్ నా వైపు చూడలేదు,
చూడకుండా ఉండడానికి కీబోర్డు దులిపింది.
ఆ రాత్రి షావుకారు అన్నది ఒక్కటే మాట: "సర్దండి."
ఆ మాట ఎక్కడా ఎక్కలేదు.
నా వేళ్లు ఎక్కాయి.

"ఏంటి సారూ, తప్పేనా?"
"తప్పే," అన్నాను.
దగ్గొచ్చింది. దగ్గు ఆగేదాకా ఆ మనిషి నిలబడే ఉన్నాడు.
"మీ ఆవిడది కాదు."
ప్రింటు తియ్యమ్మా. రెండూ.

డబ్బు సగం కొట్టు కట్టింది, సగం నా జీతంలో విరిగింది.
నెలాఖరుకి మబ్బు బిల్లు వచ్చింది,
నిల్వకి ఇంత, దింపినందుకు ఇంత.
"ఈ దింపుడేంటి, ఏ పద్దు కింద?" అన్నారు షావుకారు,
కాగితం మీంచి తలెత్తకుండా.
ఆ మాట నాకు ముప్పై ఏళ్లుగా కంఠస్థం,
ఎంతమంది రైతులకి చెప్పానో.
తరుగు, అని కొట్టాను.