తెరచాప కుదించే చోటు

ఆర్హూస్‌లో ఈ ఎలుకల గదికి కాపలా నాది.
మంగళవారాలు మార్యూన్ వస్తుంది,
తడి గొడుగు తలుపు బయటే వదిలి.
ఎలుకలకి పేర్లు పెట్టకూడదన్నది నియమం.
తను పెట్టదు. మత్తెక్కే ముందు మాత్రం
వాళ్ళ దీవుల భాషలో
చెవి దగ్గర ఏదో ఒక్క మాట అంటుంది.
ఏమిటని నేనడగలేదు, మూడేళ్ళయినా.

తన చదువంతా ఒక నాళం మీద.
వెంట్రుకని నిలువునా నాలుగు చీలిస్తే
అందులో ఒక చీలికంత.
గుండె తోసే నెత్తుట్లో అయిదో పాలు
మూత్రపిండాలకే పోతుందట.
అంత వరద గుమ్మానికొచ్చి తోస్తే
ఈ సన్నపాటిది
ఒళ్ళు బిగించి ఇరుకైపోతుంది.
లోపలి జల్లెడకి
కడుపులో చల్ల కదలదు.

"మెదడు చెబుతుందా?" అన్నాను ఓసారి.
"నరాలన్నీ తెంపేసినా చేస్తుంది,
మా చిన్నాన్న లాగా" అంది.
క్లాక్స్‌విక్ రేవులో ఆయనకో చెక్క పడవ.
గాలి హెచ్చిందని ఎవరూ అరవక్కర్లేదు,
మాట మధ్యలోనే చేతులు లేచి
తెరచాపని ఒక మడత కుదించేవట.
పడవ అదే నడక. కబుర్లు అవే కబుర్లు.

ఈ ఫిబ్రవరి పొడుగునా ఏదీ కుదరలేదు.
గాజు సూదులు విరిగాయి.
పంపు ఒకటి రాత్రిళ్ళు మూలిగేది.
చక్కెర జబ్బు ఎలుకలో
ఒత్తిడి ఎనభై నుంచి నూటనలభైకి పెంచినా
నాళం నోరు తెరుచుకునే ఉంది,
ఎగువ నుంచి ఏదొస్తే అది మింగుతూ.
"నా సూదిదే తప్పు" అంది.
మళ్ళీ చేసింది. పదకొండుసార్లు.
పన్నెండోసారి, తప్పు సూదిది కాదని ఒప్పుకుంది.
ఒప్పుకుని
చాలాసేపు చేతితొడుగులు తీయలేదు.

నిన్న రాత్రి రెండింటికి నన్ను పిలిచింది.
జబ్బు లేని ఎలుక. తెర మీద పచ్చ గీత
లేస్తోంది, వాలుతోంది,
ముప్ఫై సెకన్లకోసారి.
కింది గొట్టంలో ఉప్పు రుచి చూసినవాళ్ళెవరో
పైకి కబురంపుతారట,
కబురు చేరడంలో ఆలస్యమే ఈ ఊపట.
నాకు సగమే అర్థమైంది.

బల్లకి ఆనుకుని ఇద్దరం చూశాం.
గీత లేచినప్పుడల్లా ఆమె కుడిచెయ్యి,
తనకి తెలియకుండానే,
గాలిలో ఏదో తాడుని
కాస్త దగ్గరికి లాగేది.

అరగంటలో ఈ ఎలుకా ఉండదు.
బోను మీది అంకె తుడవాలి,
ఆ పని నాది.