ఎనిమిది నోళ్ల పెట్టె

కుతాయిసిలో, రియోని వంతెనకు ఇవతల,
మూతపడ్డ రొట్టెల బట్టీని
అద్దెకు తీసుకున్నాం నేనూ మఖ్వాలా.
గోడలకింకా పిండి అంటుకునే ఉంది.
చప్పట్లు కొడితే
పొయ్యి గూడు కాసేపు ఆలోచించి
బదులిస్తోంది.

మైకులున్నాయి, అరువువి కొన్ని, అరిగినవి కొన్ని.
కంప్యూటరుంది, మఖ్వాలా మరిది వద్దనుకున్నది.
రెంటికీ నడుమ ఒక పెట్టె కావాలి:
గాలిని అంకెలుగా నూరి
అంకెల్ని మళ్లీ గాలిగా ఆరబోసే పెట్టె.

మూడు వారాలుగా మా భోజనాల బల్ల మీదికి
ఉప్పు కంటే ముందు లెక్కల కాగితం వస్తోంది.
నాలుగు ఇన్‌పుట్లా, ఎనిమిదా, పదహారా?
"డ్రమ్ములే ఎనిమిది మింగేస్తాయి" అంటాను నేను.
"మనకు డ్రమ్ములు వాయించేవాడే లేడు" అంటుంది తను.
"రేపొస్తే?"
రేపటివాడి కోసం ఇవాళ పస్తుండాలా
అన్నట్టు చూసి
రొట్టె తుంచింది.

బతుమిలో తెయిమురాజ్ ఒకటి చూపించాడు.
మూత మీద పద్దెనిమిది అని బంగారు అంకెలు.
వెనక్కి తిప్పి వేలు పెట్టి లెక్కపెట్టాను.
మైకు పట్టే నోళ్లు నాలుగే.
తక్కినవన్నీ
ఇంకో పెట్టె కొన్నాకే తెరుచుకునే తలుపులు.
పెళ్లిపత్రికలో పేరున్న చుట్టాలంతా
పందిట్లో గిన్నెలు మోస్తారా?

సరే, ఒక శనివారం
అడిగి తెచ్చిన పెట్టెతో పరీక్ష.
వలేరియాన్ తాత తన జట్టుతో వచ్చాడు.
లారీల ఫ్యాక్టరీలో వెల్డింగ్ చేసిన చేతులు,
ఎనభై దాటినా వంగని గొంతు.
పై స్వరం ఒకరిది, నడుమది ఒకరిది,
కింద నేలలా పరుచుకునేది ఆయనది.
హెడ్‌ఫోన్లు పెట్టుకున్నాడు.
మొదటి పంక్తి సగంలో ఆపి
తల తిప్పి చూశాడు.
"నా వెనక ఎవరో పాడుతున్నారు."

ఎవరూ లేరు తాతా, అది మీ గొంతే.
లోపలికెళ్లి, అంకెలై, తిరిగొచ్చేసరికి
రెప్పపాటులో పదో వంతు గడిచింది.
"నా గొంతు నాకంటే ఆలస్యమైతే
నేను దానికోసం ఆగాలా,
అది నాకోసం పరుగెత్తాలా?"
ఎవరిదో టోపీ తిరిగిచ్చినట్టు
హెడ్‌ఫోన్లు నా చేతిలో పెట్టాడు.

ఆ రాత్రి కాగితం మీద
కొత్త గడి గీసింది మఖ్వాలా,
ధర పక్కన కాదు, ధరకు ముందు:
ఎంత ఆలస్యం?

ఇంకో మాట.
ముగ్గురూ విడివిడిగా పాడలేకపోయారు.
గాజు తలుపు వేయగానే
నడుమ గొంతు మంద తప్పిన గొర్రెలా తిరిగింది.
తీశాం. భుజాలానించి నిలబడ్డారు.
ప్రతి మైకులోనూ ముగ్గురూ పడ్డారు,
ఒకరి ఊపిరి ఇంకొకరి చొక్కాకు తగిలినట్టు.
విడదీయడం నా వృత్తి.
విడదీయరాని చోట ఏం కొనాలో
ఏ వ్యాపారీ చెప్పడు.

చివరికి కొన్నది పెద్దదేం కాదు.
ఎనిమిది నోళ్లు, ఎనిమిదీ మైకు పట్టేవే.
మూత మీద బంగారం లేదు.
వెనక కాంతి దూరే చిన్న రంధ్రం,
ఆ డ్రమ్ములవాడు నిజంగా వస్తే
మరో ఎనిమిది అందులోంచి లోపలికొస్తాయి.
పిట్ట కొంచెం, కూత ఘనం అన్నాను.
"కూత సరే, కిస్తీ ఎప్పుడు?" అంది.
పదకొండు కిస్తీలు. మొదటిది ద్రాక్ష కోతలకి.

ఇప్పుడు గొంతులకు మూడు,
చోంగురి తీగలకు రెండు, పిల్లనగ్రోవికొకటి.
ఏడోది ఖాళీ.
ఎనిమిదోది ఎవరికీ చెప్పకుండా
పొయ్యి గూట్లో వేలాడదీశాను,
రొట్టెలు తీసే కొంకి ఉండే మేకుకే.

ఆదివారం దాన్నొక్కదాన్నే పెంచి
అందరికీ వినిపించాను.
పాట అందులోనూ ఆలస్యంగానే వస్తోంది,
ఇటుకలు తాకి, మసి తాకి.
వలేరియాన్ తాత ఈసారి వెనక్కి తిరగలేదు.
కుర్చీ కాస్త ముందుకు జరుపుకున్నాడు.

"ఈ ఎనిమిదో చానల్లో ఉన్నదెవరు?"
చీపురు పట్టుకుని అడిగింది మఖ్వాలా.
నెలనెలా అద్దె కడుతున్నాం కదా,
ఆయనే, అన్నాను.