పొగను లెక్కెయ్యొద్దు

జడ్చర్ల దాటి మా డిపో గేట్ల ట్యాంకరు ఆగేసరికి
పొద్దు పదకొండు. నలభై రెండు డిగ్రీల ఎండ.
నా చేతుల లాగ్‌బుక్కు, మొహిద్దీన్ చేతుల గొట్టం.
గొట్టంల పారేది నత్రజని,
సున్నాకు కింద నూటా తొంభై ఆరు.
ఆ ఎండకూ ఈ చలికీ నడుమ
వేలెడు మందం లేని స్టీలు.

దాన్ని కొలవాలె. అదే నా కొలువు.

నీళ్లయితే తెలుసు నాకు.
మా తాత కుర్మయ్య నీరటి.
తూము ఎత్తి, కాలువల మోకాలిదాక దిగి,
పిక్కను తాకే వడిని బట్టి చెప్పేటోడు:
"జానెడు పారుతుంది. ఈ మడికి రెండు గడియలు చాలు."
ఆ మాటకు ఎదురు లేదు, ఒక్కసారి తప్ప.
ఆయన ఎడమ చెవి మీద పార గాటు
ఆ ఒక్కసారిది.
తప్పు ఎవరిదో ఇంట్ల ఎప్పుడూ చెప్పలేదు.

దీంట్ల కాలు పెట్టి చూడనీకి లేదు.
వేలు పెడితే వేలు గాజు.
అందుకే గొట్టం గొంతుల ఒక చక్రం,
నిమ్మకాయంత, సన్న రేకులది.
ఎంత పారితే అంత తిరగాలె,
తిరిగినంత అంకె పడాలె.

కానీ మొదట గొట్టం కాగి ఉంటది.
ముందొచ్చిన లీటర్లు ఆ వేడిని తాకి
పొగై లేస్తయి. ఒక్క లీటరు
దాదాపు ఏడు వందల లీటర్ల పొగ.
పొగకు బరువేది? చక్రానికి పగ్గమేది?
జాతరల రంగులరాట్నం లెక్క
గిర్రున తిరుగుతది ఉత్త గాలికి,
అంకెలు పరుగు.

మొదటి ఏడాది ఆ అంకెల్ని నమ్మిన.
మీటరు చెప్పింది ఆరు వందల పన్నెండు.
ట్యాంకు గేజు చూస్తే ఐదు వందల నలభై.
నడుమ డెబ్బై రెండు లీటర్లు.
దొంగ ఎవడు?
నీలి సిరాతో, మంచి దస్తూరితో
మొహిద్దీన్ మీద కాగితం రాసిన.
పదిహేను రోజులు ఆయన బండి ఎక్కలేదు.
గాలి తాగింది,
నేను మనిషి పేరున రాసిన.

తర్వాత పట్నంనుంచి ఇందుమతి మేడం వచ్చింది.
మీటరు విప్పి అరచేతిల పెట్టుకొని నవ్వింది.
"దీనికి లెక్క నేర్పింది నీళ్లతోనమ్మా.
చలికి చక్రం కూడా ముడుచుకుంటది.
అది చెప్పిందాంట్ల కొంత తీసెయ్.
పొగనైతే అసలు లెక్కెయ్యొద్దు."
రసీదు వెనక పెన్సిల్‌తో ఒక పట్టిక గీసిచ్చింది.
ఆ రసీదు ఇంకా నా బీరువాల ఉంది.

ఇప్పుడు మీటరు దారి వెంటనే తెరవను.
పక్క వాల్వు ముందు.
గొట్టం దగ్గుతది, ఉమ్ముతది,
మోకాళ్లదాక తెల్ల పొగ పొర్లుతది.
గొట్టం మీద నూగు లెక్క మంచు.
ఒక వేపాకు రాలి దాని మీద పడితే
పెళుసెక్కి, ముట్టుకోంగనే చిట్లింది.
ఇద్దరం మాట్లాడం. వింటం.
దగ్గు పలుచనై, తెగి, తెగి,
ఒక్కటే సన్నని పారుడు చప్పుడు.
మొహిద్దీన్ బొటనవేలు ఎత్తుతడు.
ఆయన చెవికి నేను సంతకం పెడ్త.

గేటు దగ్గర జంగిలయ్య తొందరపెడుతుంటడు,
బండి వెనక కట్టిన జాడీ ఖాళీగ.
అచ్చంపేట దిక్కు తండాలకు పోవాలె.
ఎదకొచ్చిన బర్రె
మీ లెక్కలకు ఆగదక్కా, అంటడు.
నిజమే. జాడీ నింపి పంపిస్త,
గడ్డకట్టిన చలిల నిద్రపోతున్న దున్నలతోటి.

లాగ్‌బుక్కుల స్కేలు పెట్టి కొత్త గడి గీసిన.
దాని పేరు: గొట్టం తాగింది.
పెద్దసారు ఒకసారి అడిగిండు ఇదేందని.
చెప్పిన. ఆయన ఫోను మోగింది.

ఫైల్ల ఆ పాత కాగితం అట్లనే ఉంది.
దాని మీద ఇంకోటి రాసి కుట్టిన,
తప్పు నాది అని, తేదీ వేసి.
ఇంతవరకు ఎవరూ తెరిచినట్టు లేదు.

మొహిద్దీన్ గ్లౌజులు విప్పి
బకెట్ల నీళ్లు మొఖాన కొట్టుకుంటడు.
"ఇయ్యాల ఎంత?"
"యాభై ఎనిమిది."
"ఎండ ఎక్కువుంది గద" అంటడు,
తువ్వాల దులుపుకుంట.