కొత్తగ చూడవచ్చెటోళ్లకు

గంగాధర దాటినంక ఎడమకు మలుగు.
గ్రానైటు కోసుకొనిపోయి ఇడిసిపెట్టిన గుంత,
దాని అడుగున మన ట్రాకు.
టికెట్ లేదు. కొమురెల్లి డబ్బ పట్టుకొస్తడు,
పదో ఇరవయ్యో ఎయ్యి, పెట్రోలుకు.

రుమాలు తడిపి ముక్కుకు కట్టుకో.
గుడాలు ఓదెమ్మ దగ్గరనే కొను,
మొదటి చుట్టు కాకముందే తిను.
తర్వాత అన్నీ దుమ్ము గుడాలే.

మూడో మలుపు మీద
సగం చీలిన నల్లబండ ఉంటది. ఆడ కూసో.
డ్రిల్లు తూట్లల్ల వేళ్లు దూర్చి గట్టిగ పట్టుకో.
తలుపుల్లేని మారుతీలు,
పెండ్లిళ్లు మోసి మోసి అలసిన అంబాసిడర్లు
ఒకదాన్నొకటి రాసుకుంట మలిగేది ఆడనే.
ఇనుముకు శివమొస్తది.

ఆఖరుకు పదిహేడో నంబరు, గట్టయ్యది.
ఆ మలుపుకాడ ప్రతిసారి కాలు లేపుతడు.
నవ్వకు.
క్వారీ నడిచిన కాలంల
ఆ బండకు పన్నెండు తూట్లల్ల మందు కూరింది ఆయనే.
దూరంకెల్లి సప్పుళ్లు లెక్కవెట్టిండట:
పదకొండు.

నేనా?
మూడేండ్లసంది ఆ బండమీదనే కూసుంటున్న.
ఆడికెల్లి మంచిగ కనవడ్తది.